ఈత ముల్లుతో ఇచ్చోడ దాకా

ఈ దారిన పోదలచినవాళ్లకు ముందుగా ఒక మాట. మీకు షుగరు ఉంటే ఎవరి కోసమూ చెప్పులు విప్పకండి. ఈ మాట నేను ముప్పై మూడేళ్లు బొగ్గుబావుల దవాఖానలో, కట్లు కట్టే గదిలో స్టూలు మీద కూర్చుని, ఎదుట కాలు చాపిన ప్రతి మనిషికీ చెప్పాను. తిట్టి మరీ చెప్పాను. రిటైరైన రెండేళ్లకు నేనే విప్పాను. ఆరు రోజులనుకున్న ప్రయాణం పన్నెండు రోజులైంది. కళ్లతో చూసింది కొంత, కాలితో పడింది చాలా. ఆ అలసట ఇంకా తీరలేదు కాబట్టి, చూడవలసిన ప్రదేశాల గురించి నేను హుషారుగా చెబుతానని ఆశించకండి.

నాతో వచ్చింది మా వియ్యపురాలు రాజవ్వ. ఇల్లు మెట్‌పల్లిలో, పని బీడీలు చుట్టడం. ఆమె ఒక్కగానొక్క కొడుక్కే మా లతను ఇచ్చాం. అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. పోయినేడాది అతను పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో కూడా తెలియక నాలుగు నెలలు గదిలో కూర్చున్నాడు. కొడుక్కు మళ్లీ పని దొరికితే చెప్పులు లేకుండా వేములవాడకు నడిచి వచ్చి రాజన్నకు కోడెను కడతానని రాజవ్వ అప్పుడు మొక్కుకుంది. పని దొరికింది. మొక్కు తీర్చుకుని, ఇచ్చోడ దగ్గర పల్లెలో ఉన్న తన అక్క గంగుబాయిని కూడా చూసి వద్దామంది.

"నువ్వు గూడ రా వదినె. పెండ్లయి ఐదేండ్లాయె, మా అక్క గడప నువ్వు ఒక్కపారన్న తొక్కలే" అంది.

మా ఇద్దరికీ పడదని కాదు, పడుతుందనీ కాదు. లత పెళ్లప్పుడు రాజవ్వ చూపుడువేలికి పుండు ఉండేది. దాని మీద పసుపు ముద్ద చూసి, "పసుపు పెడితే చీము పోతదా? నీకేం తెలుసు, దవాఖానకు పో" అని నలుగురిలో అనేశాను. నా నోరు అటువంటిది. ఆనాటి నుంచి ఆమె నాకు ఏ సంగతిలోనూ సలహా చెప్పడం మానేసింది. నేను చెప్పడం మానలేదు.

వేములవాడ తోవ

కరీంనగర్ నుంచి బస్సెక్కి, వేములవాడ ఇంకా ఏడు కిలోమీటర్లు ఉందనగా దిగిపోయాం. మాఘం వెళ్లి ఎండ ముదురుతోంది. రాజవ్వ చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. మొక్కు ఆమెది, నాది కాదు. "నువ్వు వేసుకొనే నడువు" అని ఆమే అంది. కానీ కొంత దూరం పోయేసరికి తోవన పోయే ఆడవాళ్లు ఆమె కాళ్లకేసి ఒకసారి, నా చెప్పులకేసి ఒకసారి చూడడం మొదలుపెట్టారు. అల్లుడి కోసం వాళ్లమ్మ ఇంత చేస్తుంటే పిల్లనిచ్చిన అత్తను ఆ మాత్రం నడవలేనా అనిపించింది. పంతానికి రిటైర్‌మెంటు లేదు. విప్పాను.

కాసేపు ఒక హమాలీ కుటుంబం మాతో నడిచింది. ఆయన జమ్మికుంట పత్తి మార్కెట్‌లో బస్తాలు మోస్తాడట. భార్య తల మీద సంచి, ఆయన భుజాల మీద చంటిపిల్ల. నా నడక చూసి జాలిపడ్డాడు.

"మడిమెల మీద బరువెయ్యకు అమ్మా. ముందరి పాదం మీద నడువు. బస్తా ఎత్తుకున్నప్పుడు మేమందరం గట్లనే నడుస్తం."

మంచి మాటే. అలాగే నడిచాను. వాగు వంతెన దగ్గర ఎదురుగా లారీ వస్తే రోడ్డు దిగాను. అక్కడ వరసగా ఈత చెట్లు. కల్లు గీసేవాళ్లు కొట్టిపడేసిన ఎండు మట్టలు గడ్డిలో కలిసిపోయి ఉన్నాయి. ముందరి పాదం మీద బరువంతా వేసి అడుగు పెట్టాను. ఎడమ కాలి చిటికెన వేలి కింద, మెత్తటి చోట, ఈత ముల్లు దిగింది.

ఈత ముల్లు దిగితే తుమ్మ ముల్లు దిగినట్టు ఉండదు. తుమ్మ ముల్లుది చురుకు నొప్పి, అరిచి ఊరుకోవచ్చు. ఈత ముల్లు నొప్పి ఎముకను వెతుక్కుంటూ పోతుంది. కళ్ల ముందు తెల్లగా అయింది.

"ఏమాయె వదినె?" అని రాజవ్వ వెనక్కి తిరిగింది.

"ఏం లే. గులకరాయి గుచ్చుకున్నది. నువ్వు నడువు, వస్త."

వంతెన గోడ చాటున కూర్చుని, పిన్నీసుతో కెలికి ముల్లు లాగాను. వచ్చింది. ఆమె మళ్లీ తిరిగి చూసేలోపు దాన్ని గడ్డిలోకి విసిరేశాను. నేను చేసిన తప్పు అదే. ముల్లు గుచ్చుకుని వచ్చిన ప్రతివాళ్లనూ నేను మొదట అడిగే ప్రశ్న, "ముల్లేది? చూపెట్టు" అని. మొన సూదిగా ఉంటే ముల్లు మొత్తం వచ్చినట్టు, మొండిగా ఉంటే ముక్క లోపల ఉన్నట్టు. తేలేదంటే పది మాటలు అనేదాన్ని. నా ముల్లు మొన ఎలా ఉందో నేను చూడనే లేదు. నడవలేని మనిషిని వెంటబెట్టుకొచ్చానని వియ్యపురాలు అనుకుంటుందన్న బెంగే తప్ప ఆ నిమిషంలో నాకు మరేదీ తట్టలేదు.

అక్కడి నుంచి రాజవ్వ ధోరణి మారింది. పర్లాంగు నడవడం, కూలబడడం. "మోకాళ్లు గుంజుతున్నయి వదినె, జర కూసుందాం." చెట్టు కనబడితే కూర్చుంది, చాయ్ బండి కనబడితే కూర్చుంది. రోజంతా కూర్చుని చేసే పని, ఇక ఈమెకు నడక ఎక్కడ వస్తుందిలే అని లోపల విసుక్కున్నాను. ఆమె కూర్చున్నప్పుడల్లా నా కాలికి హాయిగా ఉన్న సంగతి మాత్రం నిజం.

రాజన్న కోడె

కోడె మొక్కు చూడనివాళ్లకు చెబుతాను. టికెట్టు తీసుకుంటే ఒక ఎద్దు పగ్గం మన చేతికిస్తారు. దాన్ని పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, కట్టవలసిన చోట కట్టి దండం పెట్టుకోవాలి. మాకు వచ్చిన కోడె తెల్లది, మహా ఓపికది. వెనక జనం తోస్తున్నా తన పద్ధతిలో తాను నడిచింది. రాజవ్వ దాని మెడ నిమురుతూ కొడుకు పేరు గొణుక్కుంటోంది. నేను మాత్రం దాని గిట్టలకేసే చూస్తూ నడిచాను, ఎక్కడ నా ఎడమ కాలి మీద వేస్తుందోనని. దేవుడి దగ్గర కూడా కాలి ధ్యానమే.

సత్రం గదిలో, రాజవ్వ స్నానానికి పోయినప్పుడు కాలు చూసుకున్నాను. చుట్టూ ఎరుపు. కడిగి, మందు పూసి, పట్టీ వేశాను. నా సంచిలో దూది, కత్తెర, అయోడిన్, అన్నీ ఉంటాయి. చెప్పులు మళ్లీ వేసుకున్నాను.

మా అన్న సంగతి ఇక్కడే చెప్పాలి. అతనికీ షుగరే. మడమ పగులుతో మొదలైంది. బొటనవేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ప్రతిసారీ కట్టు కట్టింది నేనే. ఏడాదిన్నరకు మనిషే పోయాడు. అందుకే ఆ ఎరుపు చూడగానే నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే దవాఖానకు పోలేదు. కాళ్లు కోసే చోట ముప్పై మూడేళ్లు ఉన్నదాన్ని, అక్కడ నా కాలు పెట్టడమంటే నాకు ప్రాణం పోయేంత భయం.

మెట్‌పల్లి

మూడో రోజు మెట్‌పల్లి చేరాం. లత ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, సాయంత్రానికి గాని రాదు. మా బొగ్గుబావుల కాలనీలో ఒక్కో క్వార్టర్‌ది ఒక్కో ఊరు, ఒక్కో వంట వాసన. ఇక్కడ వాడంతా ఒకటే వాసన, తడిపిన తునికాకుది, తంబాకుది. నలుగురు ఆడవాళ్లు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట ఆగదు, చెయ్యీ ఆగదు. రాజవ్వ సంచి కింద పెట్టి, నీళ్లు తాగి, తనూ చాట అందుకుంది. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, కొస మడిచి దారం కట్టడం, అంతా నేను మూడు అంకెలు లెక్కపెట్టేలోపే అయిపోతోంది. ఐదేళ్లలో ఆమె పని నేను దగ్గర కూర్చుని చూడడం అదే మొదటిసారి. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నెకే ఒత్తి కాల్చే రొట్టె. నాకు ప్రాణం. ఆ రోజు ముక్క సయించలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. బడి నుంచి వచ్చిన లత, "ఏందమ్మా, ముఖం గట్లున్నది?" అని అడిగితే ఎండ మీద తోశాను.

"వదినె, రేపు పోదామా, రెండు దినాలు ఆగుదామా?" అని రాజవ్వ అడిగింది. ఒకసారి కాదు, అన్నం ముందు ఒకసారి, అన్నం తర్వాత ఒకసారి.

అక్కడ గంగుబాయి నా కోసం చీర తెచ్చిపెట్టిందట. వాడకట్టుకు చెప్పుకుందట. "ఆగుడెందుకు? పోదాం" అన్నాను.

నిర్మల్ దాటి

సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే సగం మంది కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. మొక్కుకోవడానికి మాత్రం నోరు రాలేదు, ఏమని మొక్కుకోను?

నిర్మల్ బస్టాండులో చిన్న పరువు పోయే పని జరిగింది. వాచిన పాదం పట్టక చెప్పు పట్టీ వదులు చేశాను. దిగుతుంటే చెప్పు జారి మెట్ల కిందికి పోయింది. నేను వంగేలోపే రాజవ్వ బస్సు కిందికి చెయ్యి పెట్టి దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా కాలి ముందు పెట్టింది. పిల్లగాని తల్లి నడి బస్టాండులో పిల్ల తల్లి చెప్పు పట్టుకుంది. మా దిక్కు అది చూసినవాళ్లు ఏడాది చెప్పుకుంటారు. ఆమె మాత్రం ఏమీ జరగనట్టు, "చాయ్ తాగుతవా వదినె?" అంది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రెండు పక్కలా ఆకు రాల్చిన టేకు, మధ్యమధ్య మోదుగు పూలు. అందరూ అందం అంటారు. నాకు ప్రతి కుదుపూ తుంటి దాకా తెలిసింది. పక్క సీటులో రేగుపండ్ల గంప పెట్టుకున్న ఆవిడ దోసెడు పండ్లు నా ఒళ్లో పోసి మరాఠీలో ఏదో అంది. అర్థం కాలేదు. కళ్లనీళ్లు తుడుచుకోమని అయి ఉంటుంది, తన కొంగు చూపించింది.

గంగుబాయి గడప

మధ్యాహ్నానికి చేరాం. గంగుబాయికి డెబ్బై ఉంటాయి, చిన్నప్పుడే మరాఠీ ఇంటికి కోడలై వచ్చిందట. కాసెపోసిన చీర, నుదుట రూపాయంత కుంకుమ. "యా, బసా" అని మరాఠీలో పిలిచి, పీట చూపించి, మిగిలింది తెలుగులో మాట్లాడింది. పీట ముందు ఇత్తడి తాంబాళం. పక్కన చెంబుతో పసుపు కలిపిన వేన్నీళ్లు. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు ఐదారుగురు. పొయ్యి మీంచి జొన్నరొట్టెల వాసన వస్తోంది.

నేను చెంబు అందుకోబోయాను. "నేనే కడుక్కుంట అక్కా. పెద్దదానివి, నువ్వు నా కాళ్లు పట్టుడేంది?"

"పెద్దా చిన్నా లేదు. పిల్లనిచ్చినదానివి. వియ్యపురాలు మొదటిపారి వస్తే కాళ్లు కడగంది గడప దాటనియ్యం, గిది మా రివాజు. బైస, బైస."

కుడి కాలు పెట్టాను. కడిగింది, కొంగుతో తుడిచింది, పసుపు రాసింది. "ఇగ గా కాలు" అంది. చాలు అన్నాను. "ఒక్క కాలు కడుగుతే కీడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. గంగుబాయి తనే నా ఎడమ కాలు ఎత్తి తాంబాళంలో పెట్టింది. నీళ్లకు పట్టీ ఊడింది. ఆమె బొటనవేలు సరిగ్గా వాపు మీద పడింది.

నా కేక వీధి చివరికి వినబడి ఉంటుంది. తాంబాళం తిరగబడింది. పసుపు నీళ్లు, వాటితో పాటు చీము, అరుగంతా పారాయి.

"గిదేంది రాజవ్వా?" అంది గంగుబాయి.

రాజవ్వ ముందుకొచ్చి నా ఎదుట గొంతుకూర్చుంది. "ముల్లు. యేములాడ తొవ్వల గుచ్చుకున్నది. నాకు గా దినమే ఎర్క, పిన్నీసు తీసుడు చూసిన."

నేను తడిసిన కుచ్చిళ్లు లాగి కాలి మీద కప్పుకున్నాను.

"ఎర్క లేదనుకున్నవా వదినె? మోకాళ్ల నొప్పులు నాకెక్కడియి? పొద్దంత సక్లంముక్లం కాళ్లు మడిసి కూసొని లేచేదాన్ని, నడిస్తె కొండగట్టు దాక నడుస్త. నువ్వు కుంటుతున్నవని కూసున్న. ఆగుదామా అని రెండుపార్లు అడిగిన. చెప్తవేమో అని సూసిన. చెప్పకపోతివి."

"నువ్వన్న అడగకపోతివి, కాలుకు ఏమైందని."

"ఎట్ల అడగాలె? పట్టీలు కట్టుట్ల ఆరితేరినదానివి. నీకేం తెలుసు అంటవని ఊకున్న. గంతే."

ఆ మాట కాలి నొప్పి కంటే లోతుగా దిగింది. అయినా నాకు బుద్ధి రాలేదు. ఇది చదివేవాళ్లు నవ్వుతారు గాని రాయక తప్పదు. నేను గంగుబాయి చెయ్యి పట్టుకుని, "అక్కా, జిల్లేడు పాలు పెట్టు. ముల్లు పైకి తేలుతదంటరు కద. రేపటి దాక చూద్దాం" అన్నాను. జిల్లేడు పాలు పెట్టుకొచ్చినవాళ్లను ఎంతమందిని వాకిట్లోంచే తిట్టానో నాకే గుర్తు లేదు.

గంగుబాయి నిజంగానే లేవబోయింది. రాజవ్వ ఆపింది.

"కూసో అక్కా. వదినె, నా ఏలు పుండుకు నలుగురిల నన్ను తిడితివి. శానా కోపమొచ్చింది. కోపమొచ్చింది గని, తెల్లారి దవాఖానకు పోయిన. ఏలు ఉన్నది, పని చేస్తున్న. ఇయ్యాల నలుగురిల నేను తిడుతున్న. బుద్ధున్నదా నీకు? లే!"

"మా అన్న కాలు..." అన్నాను. ఏడుపొచ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. "కోస్తరు రాజవ్వా. ఒకపారి మొదలుపెడితే ఆగదు. నేను చూసిన."

"కొయ్యనీ. ఏలు పోతే ఏలు పోతది. మనిషి పోతే నా కోడలికి నేనేం చెప్పాలె?"

నా రెక్క కింద చెయ్యి వేసి లేపింది. రొట్టెలు గుడ్డలో కట్టి గంగుబాయి ఆటోలో పెట్టింది. చీర కూడా పెట్టింది.

ఆదిలాబాద్

దగ్గరి దవాఖానలో చూసి ఆదిలాబాద్‌కు పంపారు. అక్కడి నర్సు చిన్నపిల్ల, మా లత వయసు ఉంటుంది. కట్టు విప్పుతూ అడిగింది, "ముల్లు తెచ్చిండ్రా అమ్మా?"

"పారేసిన."

"గట్లెట్ల పారేస్తరు? కొస ఇరిగిందో లేదో మాకెట్ల తెలుస్తది? గింత పెద్దమనిషయి ఉండి..."

తల వంచుకున్నాను. నేను ఏ పని చేసి రిటైరయ్యానో రాజవ్వ ఆ పిల్లకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ముల్లు ఎక్స్‌రేలో కనబడదు. స్కానింగు చేస్తే కనబడింది, చిటికెన వేలి ఎముకను ఆనుకుని సన్నటి గీత. షుగరు మూడువందలు దాటింది. "ముల్లు తీస్తం. చీము ఎముకకు ఎక్కిందో లేదో లోపల చూసినంకనే వేలు సంగతి చెప్తం" అన్నాడు డాక్టరు. కాగితం మీద బంధువుల వేలిముద్ర కావాలన్నారు. రాజవ్వ బొటనవేలు మూడుసార్లు పెట్టినా మసకే పడింది. ఆకు మీద రుద్ది రుద్ది గీతలన్నీ అరిగిపోయాయి. చివరికి కలం అడిగి తీసుకుని, కూడబలుక్కుంటూ మూడక్షరాలు రాసింది.

బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ నేను అన్నను తలుచుకోలేదు. కొడుకు దేశం కాని దేశంలో గదిలో కూర్చున్న నాలుగు నెలలు ఈ మనిషి ఒక్కతే ఎలా వేగిందా అనుకున్నాను. అప్పుడు నేను ఫోన్ చేసి సలహాలే చెప్పాను. ఒక్కసారి పోయి పక్కన కూర్చోలేదు.

అర అంగుళం నల్ల ముక్క వచ్చింది. చీము ఎముకకు ఎక్కలేదు. వేలు ఉంటుందన్నారు, పుండు మానడానికి మాత్రం నెలలు పడుతుందన్నారు. రాజవ్వ వార్డు వరండాలో కూర్చుని, ఎండిపోయిన జొన్నరొట్టె విరిచి పచ్చిమిరపకాయ తొక్కుతో నాకొక ముక్క, తనకొక ముక్క పెట్టింది. మా ఇంట్లో రొట్టె జ్వరం వచ్చినవాళ్లు తినేది. ఆ రోజు రెండున్నర రొట్టెలు తిన్నాను.

మెట్‌పల్లి, మళ్లీ

ఎనిమిది రోజుల తర్వాత నన్ను నా క్వార్టర్‌కు పోనివ్వలేదు, మెట్‌పల్లికే తీసుకొచ్చారు. రోజూ కట్టు మార్చాలి. నా పాదం అడుగు నాకు అందదు. లత బడికి పోతుంది. కాబట్టి ఆ పని రాజవ్వది. ఎలా చెయ్యాలో మొదటి రోజు నేనే చెప్పాను, సబ్బుతో చేతులు కడుగు, దూది వెనక్కి తిప్పకు, లోపలి నుంచి బయటికి తుడువు అని. విన్నది. చెప్పినట్టే చేసింది. నేను పళ్లు బిగపట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని.

నాలుగో రోజు ఆమె సగంలో చెయ్యి తీసేసింది.

"నొస్తుందా?"

"లే. నువ్వు కానియ్యి."

దూది పళ్లెంలో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుండు తెరిచి ఉంది. చాటలో ఆకులు ఎండిపోతున్నాయి, ఆమెకు ఆ రోజు పని బోలెడుంది. అయినా కదల్లేదు. మళ్లీ అడగనూ లేదు. నేను ఏడ్చింది ఆమె ఒకసారి చూసింది కదా, ఇంకా దాచడానికి ఏముంది అనుకున్నాను. గోడ మీంచి చూపు ఆమె వైపు తిప్పాను.

"నొస్తుంది రాజవ్వా" అన్నాను. "శానా నొస్తుంది."

ఆమె దూది అందుకుంది. "గట్ల చెప్పు. ఇప్పుడు చెయ్యి ఎంత మెల్లగ పెట్టాల్నో నాకు ఎర్కైతది" అంది.